బీబమ్మ కడుపుసంచి

ఆత్మకూరు ఇంకా ఎనిమిది మైళ్ళుందనగా బస్సు పొగలు కక్కుకుంటూ నిలబడిపోయింది. డ్రైవరు మహబూబ్ సుభాని దిగి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని బానెట్ ఎత్తి, "దీనికి వడదెబ్బ తగిలినాది. నీళ్ళు తాగితేగానీ లెయ్యదు" అన్నాడు. కండక్టరు డబ్బా పట్టుకుని చెరువు వైపు నడిచాడు. అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం, వైశాఖం. ఆ నెలలో ఆ చెరువులో నీళ్ళుంటాయని నమ్మి వెళ్ళడం కూడా ఒక రకం భక్తే. జనం నిట్టూర్చి, మూటలతో సహా దిగి, తుమ్మచెట్ల చిల్లుల నీడలో సర్దుకున్నారు.

వాళ్ళలో నెలలు నిండిన ఒక పిల్ల ఉంది. తొలిచూలు. పుట్టింటికి పోతోంది. బస్సు ఆగింది గానీ దాని ఏడుపు ఆగలేదు. "ఈడనే నొప్పులొస్తే ఏం చెయ్యాలవ్వా?" అని పక్కనున్న అవ్వను అడిగిందే అడుగుతోంది. అవ్వకు చెవుడు.

ఎదురుగా బూరుగుదూది మూట మీద కూర్చున్న ఒకామె ఆ ఏడుపు చూడలేక లేచి దగ్గరికి వచ్చింది. ఆమె పేరు బీబమ్మ. దూదేకుల ఇంటి బిడ్డ, ముప్ఫై అయిదు దాటిన మనిషి. ఆత్మకూరులో అన్న కొట్టు వెనక పరుపులూ దిండ్లూ కుట్టి బతుకుతోంది.

"ఏడవబాక పాపా. నొప్పులొస్తే ఎట్ట అరవాలో తెలీకనే గదా నీ భయం? నేను నేర్పిస్తా ఉండు" అంది. కొంగు నడుముకు చుట్టింది. "వరికుంటపాడు ఆడదయితే ఇట్ట" అని పొట్ట పట్టుకుని, ఒక్క ఊపిరిలో కొండ దాకా వినబడే కేక పెట్టింది. మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూశాయి. "ఉదయగిరి కోటవీధి కోడలయితే మామ వింటాడని నోట్లో కొంగు కుక్కుకుంటాది. ముక్కుతోనే అరవాల, ఇట్ట. కలువాయిది అసలు అరవదు. మొగుణ్ణి తిడతాది, నొప్పికొక తిట్టు. సోమశిల మునకపల్లెల దాన్ని చూడాల నువ్వు. అది మొగుణ్ణి కూడా తిట్టదు. ఊరు ముంచినోళ్ళని తిడతాది."

డ్రైవరు బానెట్ మీద చెయ్యి కాల్చుకునేంతగా నవ్వాడు. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఇంగోసారి కలువాయి దాని మాదిరి చెయ్యక్కా" అంది.

నవ్వనిది ఒక్కరే. తెల్లచీర, నల్లగొడుగు, ఒళ్ళో రిజిస్టరు. ఆత్మకూరు ఆస్పత్రిలో హెల్త్ విజిటరు దేవకమ్మ. ఆమె బీబమ్మను చాలాసేపటి నుంచి పరీక్షగా చూస్తోంది.

"నీకెంతమంది పిల్లలమ్మా?" అని అడిగింది.

బీబమ్మ నడుముకు చుట్టిన కొంగు విప్పుకుంది. "లేరమ్మా."

"మరి ఇన్ని కాన్పులు ఎక్కడ చూశావు? ఊపిరి కూడా సరిగ్గా పట్టావు. నొప్పి ఎక్కేదీ దిగేదీ అచ్చం అలాగే ఉంది."

"చూళ్ళేదమ్మా, విన్నాను. గోడకివతల కూర్చోని."

ఈ గోడ సంగతి కొంత చెప్పుకోవాలి. రామాయణాలు వినేవాళ్ళయినా, ఖురాను చదివేవాళ్ళయినా, ఆ మెట్ట ఊళ్ళలో పురిటిగది విషయంలో అందరిదీ ఒకటే మతం. పిల్లలు లేని ఆడది ఆ గడప తొక్కకూడదు. ఆమె కన్ను బిడ్డ మీద పడకూడదు. నీళ్ళు కాచవచ్చు, గుడ్డలు ఉతకవచ్చు, గంజి వార్చవచ్చు. గదిలోకి పోకూడదు, అంతే. బీబమ్మ పదిహేనో ఏట ఉదయగిరి కోడలయింది. మొగుడు గౌస్ మొహిద్దీన్ దుర్గం కొండ కొయ్యతో గరిటెలూ చెంచాలూ చెక్కేవాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆడబిడ్డల కాన్పులూ తోడికోడళ్ళ కాన్పులూ ఇరుగుపొరుగు కాన్పులూ అన్నీ ఆమెకు గోడకివతలనే జరిగాయి. చెవి గోడకు ఆనించి కూర్చునేది. ఏ కేక తర్వాత ఏ కేక వస్తుందో, ఏ మౌనం మంచిదో, ఏ మౌనం చెడ్డదో ఆమెకు తెలుసు. మౌనం తర్వాత సన్నగా లేచే ఆ మొదటి ఏడుపు వినగానే చేతులు వాటంతటవే ముందుకు చాపుకునేవి. ఆ చేతుల్లో ఎవరూ ఏదీ పెట్టేవాళ్ళు కాదు.

డెబ్భై ఏడులో అత్త మస్తాన్బీ కొడుకుకు మునీరా అనే పిల్లను తెచ్చి రెండో నిఖా చేసింది. బీబమ్మ గొడవ పెట్టుకోలేదు. తన దూదేకే విల్లు భుజాన వేసుకుని బస్సెక్కి అన్న ఇంటికి వచ్చేసింది. అయినా ఏటా వేసవిలో బూరుగుదూది పేరు చెప్పి ఉదయగిరి పోయేది. బూరుగుదూది ఆత్మకూరులోనూ దొరుకుతుంది. ఆ మాట అన్నకూ తెలుసు, ఏనాడూ అనలేదు. బస్సు కోటవీధి మలుపు తిరిగేటప్పుడు వసారాలో తలవంచుకుని చెంచా చెక్కుతున్న మనిషి ఒక్క క్షణం కనిపిస్తాడు. ఆ క్షణం కోసం పోనూ రానూ ఒక రోజు.

"రేపు పొద్దున ఆస్పత్రి వెనక షెడ్డు దగ్గరికి రా" అంది దేవకమ్మ, బస్సు మళ్ళీ కదిలినప్పుడు. "మంత్రసానులకు ట్రైనింగు ఇస్తున్నాము. నాకు నీతో పని ఉంది."

రెండు వేల ఏళ్ళ కిందటి వైద్యులు శిష్యుల చేతికి కత్తి ఇచ్చేముందు గుమ్మడికాయల మీద, సొరకాయల మీద కోత నేర్పేవాళ్ళట. నీళ్ళు నింపిన తోలుతిత్తి మీద గుచ్చడం, తామరతూళ్ళ మీద నరం పట్టడం. మనిషి ఒంటి మీద తప్పు చేసేముందు కాయ మీద తప్పు చేయాలన్నది పాత తెలివే. మధ్యలో ఎక్కడో మర్చిపోయాము. దేవకమ్మ దగ్గర గుమ్మడికాయలు లేవు. ఒక గోడపటం ఉంది, ఒక రబ్బరు బొమ్మ ఉంది. బొమ్మకు ప్లాస్టిక్ జుట్టు, నీలం కళ్ళు, నోట్లో పళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్న మంత్రసానులు దాన్ని చూసి, "పళ్ళతో పుట్టినాదే, రాక్షసిరో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

దేవకమ్మ కోరిక ఇది. నిజం మనిషి ఒకతె బల్ల మీద పడుకోవాలి. నొప్పులు పడాలి. అడిగితే చెప్పాలి, అడక్కపోతే చెప్పకూడదు. బొమ్మ చేయలేని పని అది.

బీబమ్మ విని, రబ్బరు బొమ్మను చేత్తో ఎత్తి చూసి, "ఇది బిడ్డ కాదమ్మా. రెండు రోజులు టైమియ్యండి" అంది.

రెండు రోజుల్లో ఆమె కుట్టింది రెండు వస్తువులు. ఒకటి పరుపుగుడ్డ సంచి. నడుముకు తాళ్ళతో కట్టుకుంటే నిండు చూలాలి పొట్టలా ఉంటుంది, కింద తాడు లాగితే ముడుచుకునే మూతి. రెండోది బిడ్డ. లోపల ఇసుక, దూది. తలలో రాగులు బిగించి నింపింది, నడినెత్తిన మాడు ఉండేచోట మాత్రం వేలెడంత జాగా వదిలి బూరుగుదూది పెట్టింది. కళ్ళు మూసుకుని సంచిలో వేలు పెట్టినా తల ఎటు తిరిగి ఉందో ఆ మెత్తదనం చెబుతుంది. ఎర్రగుడ్డతో మాయ, పేనిన దారంతో బొడ్డుతాడు. ఆస్పత్రి త్రాసులో వేస్తే సరిగ్గా ఆరు పౌండ్లు తూగింది. దేవకమ్మ ఆశ్చర్యపోయింది. "ఏ కొలతతో చేశావు?" అంది.

"చేతులకు తెలుసమ్మా" అంది బీబమ్మ. బొమ్మను త్రాసు మీంచి తీసుకుంది.

మొదటి రోజే రగడ అయింది. వచ్చిన పన్నెండు మందిలో పెద్దది ఉదయగిరి దగ్గర చెరువుకట్ట పల్లె ఓబులమ్మ. బల్ల మీద పడుకున్న బీబమ్మను చూసి దూరంగా నిలబడింది. "మూడూర్లు నా చేతుల మీద పుట్టినాయి. ఇంగ నాకు నేర్పించేదానికి గొడ్రాలిని పండబెట్టినారా? అపశకునం! దాన్ని తాకిన చేత్తో రేపు ఇంగోదాన్ని ఎట్ట తాకేది?"

దేవకమ్మ ఏదో అనబోయింది. బీబమ్మ పడుకున్న చోటి నుంచే తల ఎత్తింది.

"మూడూర్లు పుట్టించినావు, సరే అవ్వా. అందులో ఎంతమందిని చేతులు కడుక్కోని పుట్టించినావు?"

ముందు ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ. చివరికి ఓబులమ్మ కూడా, "నోరు చూడు నోరు! ఈ నోట్లోంచే పుట్టాల్సింది బిడ్డలు!" అంటూ దగ్గరికి వచ్చి, మూతి ముడుచుకుని కూర్చుంది.

ఇక ప్రతిరోజూ అదే వరస. దేవకమ్మ వచ్చి బీబమ్మ చెవిలో ఆ రోజు సంగతి చెప్పేది. ఈ రోజు ఎదురుకాళ్ళు, ఈ రోజు వాతం కమ్మి మూర్ఛలు, ఈ రోజు అడ్డం తిరిగింది. చెప్పి పక్కకు తప్పుకునేది. మంత్రసానులు అడిగి తెలుసుకోవాలి. "కాళ్ళు వాచినాయా?" అని అడిగితేనే బీబమ్మ, "చెప్పులు పట్టడంలే అవ్వా" అనేది. చేతులు కడుక్కోకుండా దగ్గరికి వస్తే రెండు కాళ్ళూ దగ్గరికి లాక్కుని, "సబ్బు పెట్టుకుంటేగానీ నేను కననుపో!" అని గోడవైపు తిరిగేది. పొట్ట మీద మోచేత్తో నొక్కడం వాళ్ళకు పాత అలవాటు. నొక్కితే చెయ్యి మీద ఒక్కటిచ్చేది. "నొక్కితే బిడ్డ రాదు, నా పేగులొస్తాయి!" గోడపటం ముప్ఫై రోజుల్లో నేర్పనిది ఆ దెబ్బ ఒక పూటలో నేర్పింది.

అయితే ఆ షెడ్డులో అందరికీ కలకాలం గుర్తుండిపోయింది ఇరవయ్యో రోజు.

ఆ రోజు దేవకమ్మ చెవిలో చెప్పింది రక్తం పోవడం. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ సీసా ఒకటి బీబమ్మ తొడ పక్కన, గుడ్డ కింద ఉంచారు. ఓబులమ్మ కాన్పు చేసింది. చాలా బాగా చేసింది. బిడ్డ బయటికి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. ముక్కు తుడిచారు, వీపు నిమిరారు, కొత్త బ్లేడుతో బొడ్డు కోశారు. బొమ్మ బిడ్డే అయినా, "మగబిడ్డ అనుకుందాం లే" అని ఒకరు, "ఆడదయితేనేం?" అని ఒకరు, మాటలు పెరిగాయి. బీబమ్మ గుడ్డ కింద సీసా వంచింది. ఎర్రనీళ్ళు బల్ల మీద నుంచి కారాయి. ఆమె మెల్లగా, "అవ్వా, కళ్ళు తిరుగుతుండాయి" అంది. ఎవరూ వినలేదు. ఇంకోసారి ఇంకా మెల్లగా అంది. తర్వాత అనలేదు.

చాలాసేపటికి దేవకమ్మ మామూలు గొంతుతో, "బిడ్డ బాగుంది. తల్లి చచ్చిపోయి ఇంతసేపయింది" అంది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. బీబమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి, కప్పు వైపు. ఆమె నిజంగానే కొంత దూరం పోయి వచ్చినట్టుంది. లేచి కూర్చుని తడిసిన చీర పిండుకుంది. అప్పుడు, "అందరూ బిడ్డనే చూస్తారమ్మా" అంది. "నేనయినా బిడ్డనే చూస్తాను. గోడకివతల కూర్చోని పద్దెనిమిదేళ్ళు బిడ్డ ఏడుపే విన్నాను. తల్లి గొంతు ఆ తర్వాత వినపడిందా లేదా అని ఏనాడూ చెవి పెట్టలేదు."

ఆ సాయంత్రం ఓబులమ్మ ఆమె పక్కన వచ్చి కూర్చుని, చుట్ట ముట్టించుకుంది. ముప్ఫై ఏళ్ళలో తన చేతుల మీద పోయిన ముగ్గురి పేర్లు చెప్పింది. "ముగ్గురూ ఇట్టనే పోయినారు బీబీ. బిడ్డలు బాగనే ఉండారు" అంది. చుట్ట ఆరిపోయింది. మళ్ళీ ముట్టించలేదు. తర్వాత అడిగింది, "నీకేం కావాల? నాతో అయ్యేది అడుగు."

బీబమ్మ తడుముకోలేదు. ఆ జవాబు ఎన్నేళ్ళ నుంచో నాలుక మీదే ఉంది. "ఒక్క కాన్పు గదిలోపల నుంచి చూడాల అవ్వా. అప్పుడే పుట్టిన బిడ్డని, ఇంకా తుడవకముందే, ఒక్కసారి చేతుల్లోకి తీసుకోవాల. అంతే."

"తీసుకపోతాను. నా మాట" అంది ఓబులమ్మ. "అయితే మంత్రసాని మర్యాద ఒకటుండాది, ఇప్పుడే నేర్చుకో. పురిటింటికి పిలిస్తేనే పోవాల. వచ్చేటప్పుడు మాత్రం చెప్పి రాకూడదు. పోయొస్తానని ఆ ఇంట్లో అన్నావా, మళ్ళీ చెడుకు వచ్చే పని పడతాది. పని అయిందా, చేతులు కడుక్కున్నావా, గమ్మున వచ్చెయ్యాల. అందుకే చూడు, మంత్రసానిని సాగనంపేవాళ్ళు ఉండరు."

మాట ఇవ్వడం తేలికే. నాలుగేళ్ళలో ఓబులమ్మ నాలుగుసార్లు బీబమ్మను వెంట తీసుకుపోయింది. నాలుగుసార్లూ ఏదో ఒక ముసలమ్మ గడపకు అడ్డం నిలబడి, "ఆమెకు బిడ్డలెంతమందమ్మా?" అని మర్యాదగా అడిగింది. నాలుగుసార్లూ బీబమ్మ గోడకివతలే కూర్చుని, ఆ మొదటి ఏడుపు విని, చేతులు ఒళ్ళో పెట్టుకుని లేచి వచ్చింది. మధ్యలో ట్రైనింగులు పెరిగాయి. ఆత్మకూరు, కలువాయి, వరికుంటపాడు. సంచి రెండుసార్లు మారింది, బిడ్డ మాత్రం అదే. ఒక్కో విడతలో ముప్ఫై నలభై కాన్పులు. అయిదేళ్ళు నిండేసరికి, కాన్పే లేని బీబమ్మ ఆ చుట్టుపక్కల ఎవరూ కనన్నిసార్లు కన్నది. ప్రతిసారీ బొమ్మను కడిగి, ఆరబెట్టి, చిరుగు కుట్టి, సంచిలో పెట్టుకునేది. రాత్రి పడుకునే ముందు దాని నెత్తిన వేలు ఆనించి, ఆ మెత్తటి చోటు చూసుకోవడం అలవాటయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని జోకొట్టేదేమోనని ఎవరైనా అనుకుంటే అది తప్పు. ఒక్కసారి కూడా అలా చేయలేదు. అది బొమ్మ అని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఎనభై నాలుగు ఆశ్వయుజంలో విడత ఉదయగిరిలోనే పెట్టారు. పాత మంత్రసానులకు మళ్ళీ ఒకసారి పాఠాలు. ఓబులమ్మ తన అల్యూమినియం పెట్టెతో వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం, బీబమ్మ కడుపుసంచి కట్టుకుని నొప్పులు పడుతుండగా, గుమ్మంలో ఒక మనిషి నీడ పడింది. గడ్డానికి కొయ్యపొడి అంటుకుని ఉంది. గౌస్ మొహిద్దీన్.

అతను బల్ల వైపు చూశాడు. ఎత్తయిన పొట్టతో పడుకున్న తన మొదటి భార్యను చూశాడు. ఏం చూస్తున్నాడో అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

"మునీరాకు పొద్దుటి నించి నొప్పులు" అన్నాడు ఓబులమ్మతో. "రెండుసార్లు పోయినాయి గదా, ఇది మూడోది. అమ్మ భయపడతాండాది. నువ్వు రావాల."

ఓబులమ్మ పెట్టె అందుకుంది. మరో చేత్తో బీబమ్మ మోచెయ్యి పట్టి లేపింది. "నువ్వూ రా."

"ఆ ఇంటికా?" అంది బీబమ్మ.

"ఆ ఇంట్లో కాన్పే, ఇంగో ఇంట్లో కాన్పే. రెండోజత చేతులుంటే మంచిదని మీ దేవకమ్మే గదా చెప్పింది. నడువు."

గౌస్ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ముగ్గురూ నడిచారు. బీబమ్మ సంచి విప్పి భుజాన వేసుకుంది. తీస్తే ఆలస్యమవుతుందని బొమ్మను లోపలే ఉంచేసింది.

ఇంటి ముందు మస్తాన్బీ ఉంది. ఏడేళ్ళలో ముసలిదై, వంగిపోయింది. కళ్ళు మాత్రం అవే. "ఓబులమ్మా, నువ్వు లోపలికి రా. ఆమె వద్దు. ఆమె ఉసురుకే రెండు కాన్పులు నేలపాలైనాయి" అంది.

"నేను ఈడనే కూర్చుంటాలే అత్తా" అంది బీబమ్మ.

వసారాలో కొయ్యపేళ్ళు, సగం చెక్కిన చెంచాలు. ఆ గోడ ఆమెకు తెలుసు. ఎక్కడ చెవి ఆనిస్తే బాగా వినబడుతుందో ఆ చోటు కూడా అలాగే నున్నగా ఉంది. అక్కడే కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

మునీరా కొంగు నోట్లో కుక్కుకోలేదు. గట్టిగా అరిచింది. బీబమ్మ లోలోపల, "అట్ట అరువు తల్లీ" అనుకుంది. కేకలు దగ్గరపడ్డాయి. ఊపిరి బిగబట్టింది, ఇప్పుడు తల, ఇప్పుడు భుజం. తర్వాత మౌనం. చెడ్డ మౌనం. ఓబులమ్మ గొంతు, "నోరు తుడువు, ఆ గుడ్డ ఇట్టియ్యి, వీపు రుద్దు." ఎవరో దువా చదువుతున్నారు. రుద్దుతున్న చప్పుడు. ఇంకా మౌనం.

అప్పుడు ఏడుపు.

గదిలో అందరూ ఒక్కసారిగా అరిచారు, ఏడ్చారు, నవ్వారు. "మగబిడ్డ! మగబిడ్డ!" వసారా చివర కూర్చున్న గౌస్ లేచి నిలబడి, ముఖం గోడకు ఆనించుకున్నాడు. బీబమ్మ చేతులు ఎప్పటిలాగే వాటంతటవే ముందుకు వచ్చాయి. ఆ ఏడుపు పల్చగా, కోపంగా, నిండుగా ఉంది. ఎంతసేపయినా వినాలనిపించింది.

విన్నది. వింటూ వింటూ ఏదో తక్కువయినట్టు అనిపించింది. అత్త గొంతు ఉంది, ఆడబిడ్డ గొంతు ఉంది, పక్కింటామె గొంతు ఉంది. బిడ్డను తెల్లగా ఉన్నాడంటున్నారు, ముక్కు తాతదంటున్నారు. మునీరా గొంతు లేదు.

ఆ మౌనం ఆమెకు తెలుసు. షెడ్డులో బల్ల మీద పడుకుని ఆమె ఒకసారి చచ్చిపోయింది.

"మునీరా!" అని గోడవైపు కేక పెట్టింది. "మునీరా, అక్కను పిలుస్తుండాను, పలకవే!"

పలకలేదు. బీబమ్మ సంచి పక్కన పడేసి లేచింది. గుమ్మంలో మస్తాన్బీ అడ్డం వచ్చింది. చేతుల్లో బిడ్డ. ఇంకా పూర్తిగా తుడవలేదు. "ఆగు! నా మనవడి మీద నీ కన్ను పడనియ్యను."

"నేను బిడ్డ కోసం రాలేదత్తా" అంది బీబమ్మ.

లోపలి నుంచి ఓబులమ్మ అరిచింది, "రానియ్యవమ్మా! రగతం పోతుండాది! నాకుండేది రెండు చేతులే!"

మస్తాన్బీ పక్కకు తప్పుకుంది. బీబమ్మ గడప దాటింది. బిడ్డ ఆమె భుజానికి జానెడు దూరంలో ఉన్నాడు. ఆ వెచ్చదనం చెంపకు తగిలింది. తల తిప్పితే చాలు. తిప్పలేదు.

మునీరా పెదాలు సున్నం రంగులో ఉన్నాయి. బీబమ్మ తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, బొడ్డు కింద పొట్ట మీద చెయ్యి వేసింది. గట్టిగా టెంకాయలా ఉండవలసిన గర్భసంచి ఎక్కువ ఏకిన దూదిలా మెత్తగా జారిపోతోంది. దేవకమ్మ నేర్పినట్టు పట్టి రుద్దడం మొదలుపెట్టింది. ఓబులమ్మ మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. గౌస్‌ను ఆస్పత్రి నర్సమ్మ కోసం పరుగెత్తించింది.

"బిడ్డని తల్లి రొమ్ముకాడ పెట్టండి" అంది బీబమ్మ, తల ఎత్తకుండా. "బిడ్డ చీకితే సంచి బిగుస్తాది. త్వరగా."

మస్తాన్బీ బిడ్డను తెచ్చి మునీరా రొమ్ముకు ఆనించింది. ఇప్పుడు బిడ్డ సరిగ్గా బీబమ్మ కళ్ళ ముందున్నాడు. చిన్న చేతి పిడికిలి ఆమె మణికట్టుకు తగిలింది. ఆమె చూపు మునీరా పెదాల మీద ఉంది. "పలకవే మునీరా. కలువాయి దాని మాదిరి మొగుణ్ణయినా తిట్టవే. తిట్టవే తల్లీ."

ఎంతసేపు అలా రుద్దిందో ఆమెకు తెలియదు. చేతుల కింద ఏదో మెల్లగా గుండ్రంగా తిరిగి గట్టిపడింది. మళ్ళీ జారింది. మళ్ళీ పట్టింది. నర్సమ్మ పరుగున వచ్చి సూది వేసింది. గట్టిపడింది. ఈసారి జారలేదు. నర్సమ్మ కింద గుడ్డ చూసి, నాడి చూసి, "ఇంక తియ్యమ్మా చేతులు" అంది. తియ్యమన్నా వేళ్ళు విడివడలేదు. ఓబులమ్మ ఒక్కొక్క వేలూ పట్టుకుని విప్పింది.

చాలాసేపటికి మునీరా కళ్ళు తెరిచింది. "అక్కా" అంది. "ఎట్టుండాడు నా కొడుకు?"

"నేను చూళ్ళేదే" అంది బీబమ్మ.

మునీరాకు నవ్వడానికి ఓపిక లేదు. "అత్తా, అక్కకియ్యి" అంది.

మస్తాన్బీ కదలకుండా నిలబడింది. తర్వాత బిడ్డను పాతచీర గుడ్డలో చుట్టి, రెండు చేతులా బీబమ్మ ముందుకు చాపింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి.

పాతికేళ్ళుగా ఎదురుచూసిన చేతులు. బీబమ్మ వాటిని చూసుకుంది. మోచేతుల దాకా వణుకుతున్నాయి. "వద్దత్తా. పట్టు లేదు, పడేస్తాను" అంది. వణుకుతున్నది నిజమే. ఒకసారి ఎత్తుకుంటే మళ్ళీ దించవలసి వస్తుందన్నది కూడా నిజమే.

పోయి మళ్ళీ చేతులు కడుక్కుంది. వచ్చి, ఒక్క వేలు చాపి, బిడ్డ నడినెత్తిన ఆనించింది. రాగుల మధ్య వేలెడంత జాగా వదిలి బూరుగుదూది పెట్టిన చోటది. చోటు సరిగ్గానే పెట్టింది. మెత్తదనం సరిగ్గానే ఉంది. అయితే ఈ మాడు కొట్టుకుంటోంది. వేలి కింద, టక టక టక, చిన్న పిట్టలాగా. అయిదేళ్ళు తాను కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టిన బిడ్డలో లేనిది ఇదా అనుకుంది. వేలు తీయడానికి చాలాసేపు పట్టింది.

గౌస్ స్నానం చేసి, టోపీ పెట్టుకుని వచ్చాడు. బిడ్డ చెవిలో అజాన్ చెప్పాలి. అందరూ బిడ్డ చుట్టూ చేరారు. అతను వంగి మొదలుపెట్టాడు. ఆ గదిలో తల్లి వైపు చూస్తున్నది బీబమ్మ ఒక్కతే. దుప్పటి కింద చెయ్యి పెట్టి మునీరా పొట్ట ఇంకొకసారి తడిమింది. గట్టిగా ఉంది. కింద గుడ్డ చూసింది. పొడిగా ఉంది.

వసారాలోకి వచ్చింది. పడేసిన చోటే సంచి ఉంది. కొయ్యపేళ్ళు దులిపి భుజాన వేసుకుంది. లోపలి బరువు వీపుకు ఆనింది, ఆరు పౌండ్లు.

గుమ్మంలో ఓబులమ్మ చూసింది. పిలవబోయి నోరు తెరిచింది. తర్వాత మంత్రసాని మర్యాద గుర్తొచ్చి, మూసుకుంది.

ఎండ దుర్గం కొండ వెనక్కి దిగుతోంది. బీబమ్మ గోడ వెంట నడిచింది, మలుపు తిరిగింది.